పెంపుడు కుందేలు అరికాలి పుండ్లు: పంజరం అడుగుపై శ్రద్ధ

రాజపాళయం పేరు వినగానే దేశమంతటికీ గుర్తుకు వచ్చేది ఈ ఊరి తెల్లని వేటకుక్క. 2005 జనవరిలో భారత తపాలా శాఖ విడుదల చేసిన శునకజాతుల తపాలా బిళ్లలలో దానికీ చోటు దక్కింది. కుక్కలను సాకడం తరతరాలుగా ఎరిగిన ఊరిలో కుందేలును సాకడం ఏపాటి అనుకోవడం సహజమే. అయితే కుక్క పాదం వేరు, కుందేలు పాదం వేరు. కుక్క అరికాలి కింద మందమైన మెత్తలు ఉంటాయి. సిమెంటు నేల మీదనైనా, రాళ్ల బాట మీదనైనా అవి బరువును మోస్తాయి. కుందేలుకు అటువంటి మెత్తలు లేవు. దాని అరికాలికి రక్షణ దట్టమైన బొచ్చు మాత్రమే. ఆ బొచ్చు కింద ఉన్నది పలుచని చర్మం, దాని వెనువెంటనే ఎముక.

పచ్చిక మీద తిరిగే కుందేలు గోళ్లు మట్టిలోకి దిగుతాయి. అప్పుడు బరువు గోళ్లకూ పాదం మొత్తానికీ పంచబడుతుంది. గట్టి నేల మీద గోళ్లు దిగవు. వేళ్లు పైకి లేచి, బరువంతా వెనుక కాలి మడమ మీదికి జరుగుతుంది. ఎముకకూ నేలకూ నడుమ నలిగిన చర్మానికి రక్తం సరిగా అందదు. ముందు బొచ్చు రాలుతుంది, తరువాత చర్మం ఎర్రబడి కాయ కాస్తుంది, చివరకు పగిలి పుండు అవుతుంది. మంచం పట్టిన రోగికి వీపు మీద పడే పుండ్లు ఎట్లా వస్తాయో, ఇవీ అట్లాగే వస్తాయి. కనుక పుండుకు మందు వెదకడానికి ముందు కుందేలు ఏ నేల మీద కూర్చుంటున్నదో చూడాలి.

అంగళ్లలో దొరికే పంజరాలలో చాలావాటికి అడుగున ఇనుప జాలీ ఉంటుంది. పెంటికలు, మూత్రం కిందికి జారిపోయి శుభ్రం చేయడం సులువు కావాలని, వందలాది కుందేళ్లను పెంచే షెడ్ల కోసం పుట్టిన ఏర్పాటు అది. ఇంటిలో ఏళ్ల తరబడి బతకవలసిన ఒకటి రెండు కుందేళ్లకు అది తగదు. శరీరం బరువెక్కిన కొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. కొడైకెనాల్ సమీపాన మన్నవనూరులోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో పెంచే వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా వంటి పెద్ద జాతులు 4 కిలోల వరకు, కొన్ని అంతకు మించి కూడా తూగుతాయి. పొట్టి బొచ్చు గల రెక్స్ జాతికి తేలికైన శరీరమైనా అరికాలి కవచం పలుచన. గోళ్లు పెరిగిపోయిన కుందేలుకు జాతితో నిమిత్తం లేదు.

పంజరం మార్చనక్కరలేదు, అడుగు మారిస్తే చాలు. జాలీ మీద చెక్క పలక వేసి, దానిపై కోరచాప గాని, మందంగా ఎండు వరిగడ్డి గాని పరచవచ్చు. చెక్క మూత్రాన్ని పీల్చుకుంటుంది గనుక రెండు పలకలు ఉంచుకొని ఒకటి ఎండలో ఆరవేస్తూ ఉండడం మేలు. మిల్లుల ఊరు కాబట్టి వ్యర్థపు దూది, నూలు పోగులు ఇక్కడ సులభంగా లభిస్తాయి. మెత్తగా ఉన్నాయి కదా అని వాటిని మాత్రం వేయరాదు. పోగులు వేళ్లకు చుట్టుకొని రక్తప్రసారాన్ని ఆపుతాయి, కొరికి మింగితే పేగులకు అడ్డుపడతాయి. వేసవిలో చల్లదనం కోసం గచ్చు నేలన వదిలేవారు సగం స్థలంలోనైనా చాప పరచాలి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల కాలంలో పరుపు తడిసే ఉంటుంది; తడిసిన బొచ్చు అతుక్కుపోయి చర్మం నాని చీలుతుంది. ఆ మూడు నెలలూ పరుపును ప్రతిదినం మార్చవలసినదే.

వారానికి ఒకసారి అరికాళ్లను పరిశీలించాలి. కుందేలును చెవులు పట్టి ఎత్తరాదు. ఒక చేయి ఛాతీ కింద, మరొకటి పిరుదుల కింద ఉంచి, ఒడిలో ఒరగబెట్టుకొని చూడాలి. పట్టు తప్పి గట్టిగా తన్నుకుంటే దాని నడుము ఎముకే విరగవచ్చు. బొచ్చును పక్కకు తొలగించినప్పుడు ఎరుపు లేని చిన్న కాయ కనిపిస్తే భయపడనక్కరలేదు. ఎరుపు, వాపు, చెమ్మ, రక్తపు మరక కనిపిస్తే ఆలస్యం చేయరాదు. కుందేలు నొప్పిని దాచుకునే జంతువు. వేటాడే మృగాల కంట పడకుండా బతకవలసిన జాతికి కుంటడం ప్రాణాపాయం. అది కుంటుతున్నదంటే గాయం అప్పటికే ముదిరిందని అర్థం. చీము ఎముకను చేరితే నయం చేయడం చాలా కష్టం. పైగా కుందేలు చీము జున్ను వలె గట్టిపడుతుంది గనుక గాటు పెట్టినా కారిపోదు.

ఇంటి మందుల పెట్టె ఇక్కడ అపాయకరం. మనుషులకు వాడగా మిగిలిన అమాక్సిసిల్లిన్, ఆంపిసిల్లిన్, క్లిండామైసిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి, విషకారక క్రిములు పెరిగి, కొద్ది రోజులలోనే అది చనిపోవచ్చు. స్టెరాయిడ్ కలిసిన చర్మపు పూత మందులూ పూయరాదు; పూసినదంతా అది నాకుతుంది. పక్కనున్న చత్రపట్టిలో నేసే గాయాల పట్టీ గుడ్డ ఊరంతటా దొరుకుతుంది గాని, బిగించి కట్టిన పట్టీ పాదాన్ని మరింత చెరుపుతుంది. పట్టీ అవసరమా, ఎంత వదులుగా కట్టాలి అన్నది పశువైద్యుడు చెప్పవలసిన మాట.

కుందేలు పన్నెండు గంటలుగా మేత ముట్టకపోతే పుండు చిన్నదైనా అదే రోజు వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. ఊరికి కొత్తగా వచ్చినవారు ‘కాల్నడై మరుత్తువమనై’ అన్న పలకను చూసుకోవాలి. ప్రభుత్వ పశువైద్యశాల అదే. తమిళంలో కుందేలును ‘ముయల్’ అంటారు, అరికాలు ‘ఉళ్ళంగాల్’, పుండు ‘పుణ్’. వెళ్లేటప్పుడు పంజరం అడుగు ఫొటో ఒకటి తీసుకొని వెళ్తే వైద్యునికి సగం సంగతి చెప్పకుండానే తెలుస్తుంది.