యూరప్ లొల్లికి, మార్లవాయికి ఏం సంబంధం?

యూరప్ భద్రత ముచ్చట ఉట్నూర్ల మనకెందుకు అనిపిస్తది. కని గా లొల్లే హైమన్‌డార్ఫ్‌ను ఈడ ఆపింది.

ఆయనది ఆస్ట్రియా. 1938 మార్చిల హిట్లర్ ఆ దేశాన్ని జర్మనీల కలుపుకున్నడు. పక్క దేశాలు ఒక్కటి గూడ అడ్డం రాలే. గట్ల ఆయన చేతికి జర్మనీ పాస్‌పోర్టు వచ్చింది. 1939ల యుద్ధం షురువైనంక ఇంగ్లీషోళ్ల లెక్కల ఆయన శత్రువు. నిజాం రాజ్యం దాటొద్దన్నరు. కొమురం భీం అమరుడైనంక గోండుల గోస తెలుసుకోను వచ్చి, మార్లవాయిల ఉండి, బడి కోసం, భూమి పట్టాల కోసం పనిచేసిండు.

గా యుద్ధం నేర్పిన పాఠమే 1949ల పుట్టిన నాటో. ఒక్కరి మీద దాడి జేస్తే అందరి మీద చేసినట్టే. కని అసలు బలం అమెరికాది. ఇప్పుడు ట్రంప్ మీ ఖర్చు మీరే పెట్టుకోండ్రి అంటుండు. 2035 నాటికి జీడీపీల 5 శాతం రక్షణకు పెడ్తమని 2025ల హేగ్‌ల ఒప్పుకున్నరు.

పైసలొక్కటే చాలయి. యూరోపియన్ యూనియన్ల 27 దేశాలున్నయి. విదేశాంగ, రక్షణ నిర్ణయాలకు దాదాపు అందరూ సరే అనాలె. ఒక్కరు కాదన్నా ఆగుతది. ఊరి చేన్లన్నిటికీ పటేల్ మంచె ఒక్కటే కావలైతే, పటేల్ రానన్ననాడు అడివిపందులు ఎవల చేను ఇడుస్తయి? కావలి వంతులేసుకోవాలె.

హైమన్‌డార్ఫ్ భార్య బెట్టి ఇంగ్లీషామె. ఆమె దేశమే ఆమె పెనిమిటిని శత్రువన్నది. 1987ల పోయిన ఆమె సమాధి మార్లవాయిలనే ఉన్నది. దేశాలు ఇడిపోతే ఇండ్లెట్లయితయో గది జూస్తే ఎరుకైతది.