పురుగు నిద్ర కాచే మనకు నిద్ర ఏదీ?



పురుగు జ్వరానికి కూర్చుంటే మనం ఏం చేస్తాం? ఆకు ఆపేస్తాం. సున్నం చల్లి పడక ఆరబెడతాం. కదిలించొద్దని పిల్లల్ని కూడా షెడ్డులోకి రానీయం. ఒక్కో పంటలో నాలుగుసార్లు ఇట్లా దాని నిద్ర కాస్తాం. మన నిద్ర సంగతి వస్తే మాత్రం "పంట అయినాక చూద్దాంలే" అంటాం.

నాలుగో జ్వరం లేచినాక ఏడెనిమిది రోజులు నిద్ర తగ్గడం మామూలే. పంట మొత్తంలో తినే ఆకులో ముక్కాలు వంతుకు పైగా పురుగు అప్పుడే తింటుంది. రాత్రి మేత, తెల్లారకముందే ఆకు కోత, పాలరోగం వస్తుందేమోనని బెదురు. ఇది పని వల్ల పోయిన నిద్ర. ఇంట్లోవాళ్లు రాత్రి మేత వంతులేసుకుంటే కొంత మిగులుతుంది.

గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్లో అమ్మి, షెడ్డు కడిగినాక కూడా అర్ధరాత్రి కళ్లు తెరుచుకునే ఉంటే అది వేరే సంగతి. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలుగా ఇట్లే ఉంటే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అది వైద్యం ఉన్న జబ్బు, సిగ్గుపడే పని లేదు.

ముందు ఇంట్లో ఇవి చేసి చూద్దాం:

• ఎప్పుడు పడుకున్నా, పొద్దున ఒకే టైముకు లేవాలి. పగటి కునుకు అరగంట దాటొద్దు.
• సాయంత్రం నుంచి కాఫీ, టీ వద్దు.
• పడుకున్నాక ఫోన్లో గూళ్ల రేటు చూడొద్దు. నిద్ర రాకుంటే లేచి కాసేపు కూర్చుని, కళ్లు మూతపడేటప్పుడు మళ్లీ పడుకోవాలి.
• సారాయి తాగితే తొందరగా నిద్ర పడుతుంది, నడిరాత్రి తెగిపోతుంది.
• మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు. అలవాటైతే మానడం కష్టం. సారాయితో కలిపితే ప్రాణానికే ముప్పు.

ఇవి చేసినా తగ్గకుంటే బాగేపల్లి, చింతామణి తాలూకా ఆస్పత్రికో, చిక్కబళ్లాపురం జిల్లా ఆస్పత్రికో పోదాం. పంట లెక్క రాసే పుస్తకంలోనే రెండు వారాలు పడుకున్న టైము, లేచిన టైము రాసి తీసుకుపోతే డాక్టరుకు సులువు. థైరాయిడ్, షుగరు, నొప్పులు, దిగులు, వీటిలో ఏది కారణమో చూస్తారు. మాత్రలు లేకుండా, ఆలోచనలూ అలవాట్లూ మార్చే చికిత్స కూడా ఉంది. అవసరమైతే బెంగళూరు నిమ్హాన్స్‌కు రాసిస్తారు.

మూడు నెలలు ఆగకూడని సంగతులూ ఉన్నాయి. గురక మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు ఇంట్లోవాళ్లు చెప్పినా, బండి నడిపేటప్పుడు కునుకు వస్తున్నా వెంటనే చూపించుకోవాలి. అప్పు గుర్తొచ్చి బతకొద్దనిపిస్తే ఆ రాత్రే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. పక్కనున్న మనిషినీ లేపండి.

ఒక పంట పోతే ఇంకో పంట పెట్టుకోవచ్చు. దాన్ని పెట్టే మనిషి బాగుండాలి.