పాత కారు నీరసించినపుడు

మా పాత పెట్రోలు కారు ఒకసారి శ్రీశైలము ఘాటు రోడ్డు ఎక్కుచు, లారీని దాటబోవు సమయమున నీరసించినది. యాక్సిలరేటరును ఎంత త్రొక్కినను వేగము పెరుగలేదు. ఎదుట బస్సు వచ్చుచున్నది. లారీ డ్రైవరు వెనుకకు తగ్గి చోటిచ్చుటచే గండము గడచినది. డాష్‌బోర్డుపై పసుపుపచ్చని ఇంజను దీపము వెలుగుచుండెను.

మరునాడు వర్కుషాపువారు స్కానరు తగిలించి చూడగా ‘పి 0171’ అను సంకేతము కనబడినది. ఆక్సిజన్ సెన్సారు చెడినదని చెప్పి క్రొత్తది వేసిరి. వారము తిరుగకుండ దీపము మరల వెలిగినది. అసలు దోషము గాలి గొట్టపు రబ్బరులో పడిన పగులు. ఇంజను బలముగా లాగునపుడు ఆ పగులు విచ్చుకొని, లెక్కకు రాని గాలి లోనికి పోవుచుండెను.

పి 0171 అనగా ఇంజనులో గాలి పాలు హెచ్చి, పెట్రోలు పాలు తగ్గినదని అర్థము. ఆ వార్తను తెచ్చినది ఆక్సిజన్ సెన్సారు. దూతను చంపరాదని విభీషణుడు రావణునకు చెప్పిన నీతి ఇచటను వర్తించును. సంకేతము లక్షణమును చెప్పును గాని, చెడిన భాగమును చెప్పదు.

ఇట్టి స్వయంపరీక్షా పద్ధతి అమెరికాలో 1996 మోడలు కార్లనుండియు, మన దేశమున బి.ఎస్. 4 కార్లకు 2013 నుండియు పూర్తిగా అమలైనది. కనుక నేడు పాతవనిపించుకొను కార్లలో కూడ అనేకములకు ఈ సౌకర్యము కలదు.

గాలి పాలు హెచ్చినదని తెలిసినపుడు మొదట గొట్టములను వంచి, పగుళ్లకై కంటితో చూడవలెను. ఇంజను నిలుకడ మీద వణకుచు, వేగము పెంచగానే కుదుటపడినచో సన్నని గాలి లీకును అనుమానింపవచ్చును. గొట్టములు బాగుండియు ఎత్తు ఎక్కునపుడే బలము తగ్గుచున్నచో పెట్రోలు పంపు ఒత్తిడిని కొలిపించి, ఫిల్టరును చూపించవలెను.

పి 0302 వచ్చినచో రెండవ సిలిండరులో పెట్రోలు సరిగా మండుటలేదని తెలియును. ప్రతి సిలిండరునకు వేరు ఇగ్నిషన్ కాయిలున్న కార్లలో, ఇంజను ఆపి చల్లారిన పిమ్మట రెండవ, మూడవ కాయిళ్లను మార్చి పెట్టి, కారును మరల నడిపి చూడవలెను. సంకేతము పి 0303గా మారినచో దోషము కాయిలుదే. మారకున్నచో స్పార్కు ప్లగ్గును, ఇంజెక్టరును, కంప్రెషనును పరీక్షింపవలెను.

దీపము వెలుగకయే బలము తగ్గుటయు కలదు. ఇంజను రొద పెరిగియు వేగము పెరుగకున్నచో క్లచ్చు జారుచున్నదేమో చూడవలెను. ఒక చక్రము మాత్రము మిక్కిలి వేడెక్కినచో బ్రేకు పట్టివేసియుండవచ్చును.

ఇంజను దీపము నిలుకడగా వెలిగినపుడు మెల్లగా ఇల్లు చేరి పరీక్ష చేయించవచ్చును. అది మినుకు మినుకుమనుచున్నచో వెంటనే వేగము తగ్గించి, వీలైన చోట ఆపవలెను. మండని పెట్రోలు పొగగొట్టములోని కేటలిటిక్ కన్వర్టరును చేరి, అచట మండి, దానిని కరిగింపగలదు. ఎఱ్ఱని ఆయిలు దీపము వెలిగినను, వేడి సూచిక ఎఱ్ఱగీత దాటినను, సురక్షితమైన చోట తక్షణము ఇంజను ఆపవలసినదే.

సంకేతమును వ్రాసికొనకుండ చెరిపివేయనీయరాదు. దానితోపాటు, దోషము కలిగిన క్షణమున నున్న వేగము, ఇంజను వేడి మున్నగు వివరములును తుడిచిపెట్టుకొని పోవును. క్రొత్త భాగమునకు డబ్బు చెల్లింపక మునుపు మెకానిక్కును ఒక్క మాట అడుగుడు: “ఏ పరీక్ష చేసి ఇది చెడినదని తేల్చితిరి?” ఆ ప్రశ్నను మేము ఆనాడు అడిగియుండలేదు. అందుచేతనే అక్కరలేని సెన్సారు కొని, చెడిన గొట్టముతో వారము దినములు తిరిగితిమి.