కాగితం లేని ప్రసంగం

వారానికి ఒక్కరోజు మనమంతా పనులు ఆపుకొని మస్జిదుకు చేరుకుంటాం. దుకాణం మూసి వచ్చినవారు, ఆఫీసులో గంటసేపు అనుమతి తీసుకుని వచ్చినవారు, బడి నుంచి నేరుగా వచ్చిన పిల్లలు అందరూ ఒకే వరుసలో కూర్చుంటారు. ఆ కొద్దిసేపట్లో ఖతీబ్ చెప్పే నాలుగు మాటలే చాలామందికి వారమంతటికీ సరిపడే ధర్మబోధ. కనుక ఆ మాటలు ఎలా సిద్ధమవుతాయన్నది మనందరికీ సంబంధించిన విషయమే.

మన ప్రాంతంలో చాలాచోట్ల అరబీ ఖుత్బాను పుస్తకం చూసి చదువుతారు. అంతకు ముందు ఉర్దూలోనో తెలుగులోనో చేసే బయాన్ ఎక్కువగా కాగితం లేకుండానే సాగుతుంది. చూసి చదవడం తప్పేమీ కాదు. అయితే ముఖం చూసి చెప్పిన మాట మనసుకు త్వరగా చేరుతుంది. చిక్కల్లా, చూడకుండా చెప్పడమంటే తోచింది చెప్పడమేనని కొందరు భావించడం దగ్గరే వస్తోంది. తల్లిదండ్రుల సేవతో మొదలైన ప్రసంగం సమాధి శిక్షల మీదుగా ఊళ్లో తగాదాల దాకా వెళుతుంది. ఇంటికొచ్చాక ‘ఇవాళ హజ్రత్ ఏం చెప్పారు?’ అని అమ్మ అడిగితే పిల్లవాడు నీళ్లు నములుతాడు.

ఈ విషయంలోనూ మనకు ఆదర్శం దైవప్రవక్త ముహమ్మద్ (స) గారే. ఆయన మొదట్లో ఖర్జూరపు మొద్దుకు ఆనుకుని, తర్వాత మూడు మెట్ల మింబర్ మీదనుంచి ప్రసంగించేవారు. వినేవారు పదాలు లెక్కపెట్టుకోగలిగినంత నిదానంగా మాట్లాడేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. బాగా అర్థం కావాలని ఒక మాటను మూడుసార్లు చెప్పేవారని హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖించారు. నమాజు దీర్ఘంగానూ, ఖుత్బా క్లుప్తంగానూ ఉండటం మనిషి వివేకానికి గుర్తన్న ప్రవచనం సహీహ్ ముస్లింలో ఉంది. నిదానం, పునరుక్తి, క్లుప్తత ఈ మూడూ వినేవారి జ్ఞాపకశక్తిని దృష్టిలో పెట్టుకున్నవే.

తర్వాతి కాలపు వక్తల్లో బాగ్దాద్‌కు చెందిన ఇమామ్ ఇబ్నుల్ జౌజీ పేరెన్నికగన్నవారు. హిజ్రీ 580లో, అంటే క్రీ.శ. 1184లో, అందలూసియా యాత్రికుడు ఇబ్నె జుబైర్ ఆయన సభలకు హాజరయ్యారు. ముందుగా ఖారీలు వంతులవారీగా ఆయతులు పఠించేవారట. ఇమామ్‌గారు లేచి, వారు చదివిన ఆయతులనే అదే వరుసలో తన ప్రసంగంలో అల్లుకుంటూ పోయేవారట. సభికులు చీటీలపై పంపిన ప్రశ్నలకు అప్పటికప్పుడే జవాబు చెప్పేవారట. ఇది చదివి ఆశ్చర్యపోతాం. కానీ ఆయన జీవితమంతా చదువుతూ, రాస్తూ గడిపిన మనిషి. మెరిసిన ఆలోచన జారిపోకుండా ఎప్పటికప్పుడు రాసి పెట్టుకునేవారు. ‘సైదుల్ ఖాతిర్’ గ్రంథం అలా పుట్టిందే. మింబర్ మీద కాగితం లేకపోవడం వెనుక ఇంట్లో నింపిన కాగితాలెన్నో ఉన్నాయన్నమాట.

మరి మన ఖతీబులు, ప్రసంగం నేర్చుకుంటున్న యువకులు ఏం చేయాలి? ముందుగా ఒకే ఒక్క విషయం ఎంచుకోవాలి. ఉదాహరణకు తూకంలో మోసం. ముతఫ్ఫిఫీన్ సూరాలోని మొదటి మూడు ఆయతులు తీసుకోవచ్చు. బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి, అడుగున తడి ఉన్నట్లు గమనించి ప్రవక్త (స) వర్తకుణ్ణి మందలించిన హదీసు చెప్పవచ్చు. ఆ తర్వాత మన దుకాణంలోని త్రాసు దగ్గరకు రావాలి. ఆయతు, హదీసు, మన బతుకు – ఈ మూడు మెట్లు గుర్తుంటే దారి తప్పే ప్రశ్నే లేదు.

చెప్పదలచుకున్నదంతా ఒకసారి పూర్తిగా రాయాలి. మొదటి వాక్యం, చివరి వాక్యం కంఠస్థం చేయాలి. ఇంట్లో వారి ముందు బిగ్గరగా చెప్పి, ఏం అర్థమైందో పిల్లల్ని అడగాలి. వాళ్లు ఒక్క ముక్కలో చెప్పగలిగితే ప్రసంగం సిద్ధమైనట్లే.

ఒక్క హెచ్చరిక. ప్రవక్త (స) చెప్పని మాటను ఆయనకు ఆపాదించడం ఘోరపాపం. ఎక్కడో విన్న కథ నోటి ఊపులో హదీసుగా మారిపోయే ప్రమాదం చూడకుండా మాట్లాడేవారికే ఎక్కువ. కనుక ఆయతు సంఖ్యను, హదీసు ఉన్న గ్రంథాన్ని ముందే ఆలిమ్‌ల వద్ద సరిచూసుకోవాలి. అనుమానముంటే ఆ ఒక్క చీటీ చేతిలో పట్టుకుని చదవడంలో చిన్నతనమేమీ లేదు.

హజ్రత్ ఉమ్మె హిషామ్ (ర) అనే సహాబియా ఖాఫ్ సూరాను ప్రవక్త (స) నోటి నుంచి విని నేర్చుకున్నారు. ఆయన జుమా ఖుత్బాలో దాన్ని పఠిస్తుంటే విని విని, నలభై అయిదు ఆయతులూ ఆమెకు వచ్చేశాయి. వినడానికి వచ్చినవారి చేతిలోనూ కాగితం ఉండదు. వారు గుండెలో మోసుకుపోగలిగినంతే మనం ఇవ్వాలి. అంతకు ముందు దాన్ని మన గుండెలోకి ఎక్కించుకోవాలి.