తొందరపడని ఉక్కు

పిల్లలూ! కమ్మరి కొడవలి చేయటం మీలో కొందరైనా చూసే ఉంటారు. కొలిమిలో ఎర్రగా కాలిన ఉక్కును నీళ్ళతొట్టిలో ముంచుతాడు. చుయ్యిమని ఆవిరి లేస్తుంది, ఉక్కు గట్టిపడుతుంది. కాని దానిని అలాగే వదిలేస్తే రాయి తగలగానే పుటుక్కున విరగవచ్చును. అదే ఉక్కును బూడిదలో కప్పి మెల్లగా చల్లారనిస్తే విరగదు గాని, మెత్తబడి పదును నిలవదు. గట్టితనమూ, విరగని గుణమూ ఒకేచోట దొరకటం కష్టం.

ఉక్కు అంటే కొద్దిగా కర్బనం కలిసిన ఇనుము. బాగా కాలినప్పుడు అందులోని ఇనుప పరమాణువులు ఒక రకమైన అమరికలో ఉంటాయి. ఆ స్థితిలో ఉన్న ఉక్కును ఆస్టెనైట్ అంటారు. చల్లారేటప్పుడు ఆ అమరిక మారిపోతుంది. మెల్లగా చల్లారితే ఒక విధంగా, నీళ్ళలో ముంచితే మరొక విధంగా మారుతుంది.

మరి ఈ రెంటికీ మధ్య ఏం జరుగుతుంది? అమెరికాలో ఎడ్గార్ బెయిన్, ఎడ్మండ్ డావెన్‌పోర్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పలచని ఉక్కుముక్కలను ఎర్రగా కాల్చి, కరిగిన లోహంలో వేసి, వేడిమి మారకుండా కొన్నిటిని సెకండ్లూ, కొన్నిటిని గంటలూ ఉంచి చూశారు. సూక్ష్మదర్శినిలో నల్లని పుల్లలవంటి కొత్త రూపం కనిపించింది. 1930లో ఆ సంగతి ప్రకటించారు. 1934లో తోటివారు దానికి బెయిన్ పేరు మీద బెయినైట్ అని పేరు పెట్టారు.

బెయినైట్ అంటే సన్నని పలకల కట్టలు. ఒక పలక ఉన్నట్టుండి సాగి, కొంతదూరం పోయి ఆగిపోతుంది. దాని పక్కన ఇంకొకటి మొదలవుతుంది. పలకలు ఎంత సన్ననైతే ఉక్కు అంత బలమైనది. చిక్కంతా ఇక్కడే ఉంది. వేడిమి తగ్గినకొద్దీ ఆస్టెనైట్ గట్టిపడి పలకలను లావెక్కనివ్వదు, అందుచేత అవి సన్నబడతాయి. కాని ఆ చల్లదనంలో పరమాణువుల కదలిక మందగిస్తుంది గనక పని సాగదు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్కా కాబల్లెరో, హ్యారీ భదేషియా మొదలైనవారు ఈ శతాబ్దం తొలి సంవత్సరాలలో ఒక ఉక్కు తయారుచేశారు. అందులో నూటికి ఒక పాలు దాకా కర్బనం ఉంది. దానిని 200 డిగ్రీల వద్ద, అంటే గారెలు వేగే నూనెకంటే కాస్త ఎక్కువ వేడిలో, పది రోజులు ఉంచారు. పలకలు 20 నుంచి 40 నానోమీటర్ల మందాన వచ్చాయి. మన తలవెంట్రుక మందంలో అటువంటివి రెండువేలకు పైగా పడతాయి! ఉక్కులో కలిపిన సిలికాన్ పెళుసు రేణువులు పుట్టకుండా కాపాడింది. పలకల నడుమ మెత్తని ఆస్టెనైట్ పొరలు మిగిలాయి.

పరీక్షలో "కర్బనం ఎక్కువైతే ఏమగును?" అని అడిగితే ఒక్కమాటలో జవాబు రాయకండి. అంత తక్కువ వేడిలో బెయినైట్ పుట్టేటట్టు చేసేదీ కర్బనమే, పని ఆలస్యం చేసేదీ కర్బనమే. మాంగనీసు కూడా ఆలస్యం చేసేదే.

పది రోజులు కొలిమి వెలిగించి కూర్చుంటే కర్మాగారానికి గిట్టుబాటు కాదు. అందుకని కోబాల్టు, అల్యూమినియం కలిపి చూశారు. ఇవి ఆస్టెనైట్‌ను త్వరగా మారేటట్టు చేస్తాయి. కోబాల్టు ఖరీదు మాత్రం ఎక్కువ. ఇంకొక ఉపాయం ఆస్టెనైట్ గింజలను చిన్నవిగా ఉంచటం. పొలంలో గడ్డి గట్లవెంబడి ముందు మొలిచినట్టు, పలకలు గింజల సరిహద్దుల దగ్గర పుడతాయి. మడులు చిన్నవైతే గట్లు ఎక్కువ కదా! ఈ ఉపాయాలతో రోజులు తగ్గాయి. వేడిమిని 300 డిగ్రీలకు పెంచితే గంటలలోనే పని అయిపోతుంది గాని, పలకలు కాస్త లావెక్కుతాయి.

ఇక కొలిమే లేకుండా, గది వేడిమిలోనే బెయినైట్ పుడుతుందా? పుడుతుంది, కాని నూరేళ్ళు పడుతుందని లెక్కలు చెప్పాయి. భదేషియా ఆ లెక్కను నిజంగానే పరీక్షకు పెట్టాడు. 2004లో అటువంటి ఉక్కుముక్కను అద్దంలా మెరుగుపెట్టి, గొట్టంలో మూసి, లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంచారు. లోపల పలకలు పుడితే ఆ నున్నని ముఖం మీద చిన్న చిన్న మిట్టలు లేస్తాయి. దానిని 2104లో తీసి చూడాలని ఏర్పాటు. అప్పటికి మీకు తొంభై దాటుతాయేమో లెక్క వేసుకోండి!