పాత ఆటమీద బెంగ

గడచిన వేసవిలో మోమిన్‌పేటకు పోయినపుడు, బస్సు కోసం నిలుచుండగా, నా ప్రక్కనున్న యువకుడొకడు సెల్‌ఫోను తెరమీద చేపలు పడుతున్నాడు. చెక్కతో కట్టిన చిన్న రేవు, దాని చివర బుట్ట పట్టుకొని నిలుచున్న ఒక బొమ్మ, చుట్టూ నీలిరంగు నీళ్ళు. ఆ రేవును నేనెరుగుదును. దాని పేరు కరామ్‌జా. 2006లో కొన్ని నెలలపాటు నేను దానిమీద నిలుచున్నవాడనే.

"తమ్మీ, ఆడ ఎవరితోనన్నా మాట్లాడుతుంటవా?" అని అడిగాను.

"ఎవరు మాట్లాడుతరు సార్? ఎవరి పని వాళ్ళది" అని నవ్వి, బస్సు రాగానే ఎక్కిపోయాడు.

ఆ జవాబు నన్ను చాల దినాలు వదలలేదు. పాత ఆటలమీద బెంగపెట్టుకొన్నవారు నేడు లోకమంతటా లక్షలమంది ఉన్నారు. వారిది వట్టి బాల్యస్మృతి అని త్రోసివేయడం సులభం. ఆ బెంగకు ఆట కట్టుబడిలోనే ఒక కారణమున్నదని నేననుకొంటాను. అది చెప్పవలెనంటే ముందు ఆట సంగతి చెప్పవలె.

రేడియోలో ఒకచోట ఒకరు మాట్లాడితే లక్షలమంది వింటారు. వినేవారు ఆ క్షణంలో తిరిగి మాటాడలేరు. ప్రక్క యింటివారు కూడ అదే వింటున్నారని ఊహించుకోవలసినదే. ఈ ఆటలో ఏర్పాటు వేరు. దూరదేశంలో ఒక పెద్ద కంప్యూటరు ఉంటుంది. ఊరు, అడవి, కొండ, వాటిలో ఎవరెక్కడ నిలుచున్నదీ, ఎవరి సంచిలో ఏమున్నదీ, ఆ లెక్కంతా దాని వద్దనే. ఆడేవాడు తన యంత్రం నుంచి "ఇటు నడు", "ఈ చెట్టు నరుకు" అని చిన్న చిన్న కబుర్లు పంపుతాడు. పెద్ద కంప్యూటరు లెక్క సవరించుకొని, ఆ సమీపంలో ఉన్నవారందరికీ మార్పు తెలియజేస్తుంది. ఆ విధంగా వికారాబాదులోని వాడు చెట్టు నరికితే, కెనడాలోని వాని కంటిముందు ఆ చెట్టు కూలుతుంది. ప్రతివాడూ ఒక పేరు, ఒక వేషం పెట్టుకొనే ప్రవేశిస్తాడు. మన ఊళ్ళలోకి పగటివేషగాండ్రు వచ్చినట్లే. ఇక్కడ చూచేవారు వేరే లేరు, ఊరంతా వేషగాండ్రే.

ఈ పద్ధతికి 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో అంకురార్పణ జరిగినది. రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్ట్‌ల్ అనే విద్యార్థులు కట్టిన ఆటలో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. "నీవొక ఇరుకు బాటలో ఉన్నావు" అని తెరమీద వస్తే, ఆ బాటను మనస్సులో గీసుకోవలసినది ఆడేవాడే. రేడియో నాటకం విన్నవారికి ఈ రుచి కొత్తకాదు. బొమ్మలతో కూడిన పెద్ద ఆటలు తరువాత వచ్చినవి: 1997లో అమెరికాలో అల్టిమా ఆన్‌లైన్, 1998లో కొరియాలో లీనేజ్, 1999లో ఎవర్‌క్వెస్ట్. కొరియావారి ర్యాగ్నరాక్ మన దేశంలోనూ కొంతకాలం ప్రత్యేకంగా నడచి మూతపడినది. కాని మా వైపు చిన్న పట్టణాల నెట్ సెంటర్లకు వచ్చి చేరిన ఆట మరొకటి. అది రూన్‌స్కేప్.

ఆండ్రూ గోవర్, పాల్ గోవర్ అనే ఆంగ్ల సోదరులు దానిని 2001 జనవరి 4న ప్రారంభించారు. తరువాత కేంబ్రిడ్జిలోని జాగెక్స్ సంస్థ నడిపినది. ఇది మన వరకు ఎట్లా రాగలిగినదో గమనించదగినది. మిగిలిన ఆటలకు సీడీ కొనవలె, యంత్రంలో ఎక్కించవలె, మంచి కంప్యూటరు కావలె. దీనికి అదేమీ అక్కరలేదు. వార్తలు చదివే బ్రౌజరులోనే తెరచుకొనేది, చాలభాగం డబ్బులేకుండా ఆడవచ్చును. రెండవ కారణం ఇంతకన్న విచిత్రమైనది. ఈ ఆటలోని పెద్ద కంప్యూటరు ఎడతెగకుండా లెక్క చూడదు, 0.6 సెకనుకు ఒకసారి మాత్రమే చూస్తుంది. ఆ వ్యవధిలో అందరి కబుర్లూ పోగుచేసి, ఒక్కసారిగా అమలు జరుపుతుంది. మద్దెల దెబ్బకు అందరూ ఒక్క అడుగు వేసినట్లు. అందువల్ల లండనులో వేగమైన తీగపైనున్నవానికీ, వికారాబాదులో నత్తనడక తీగపైనున్నవానికీ పెద్ద తేడా రాదు. తరువాతి దెబ్బలోపల కబురు చేరితే చాలును. 2004లో ప్రభుత్వం బ్రాడ్‌బాండు అనిపించుకోవడానికి నిర్ణయించిన కనీస వేగమే 256 కిలోబిట్లు. దానిని నెట్ సెంటరులో ఆరేడు యంత్రాలు పంచుకొనేవి. ఆ పాటి దానిలో కూడ ఈ ఆట నడచింది.

2006లో నేను ఎం.ఏ. ముగించి, ఉద్యోగం లేక మోమిన్‌పేటలో ఇంటనున్నాను. దరఖాస్తులు నింపే నెపంతో వారానికి మూడు నాలుగుసార్లు బస్సెక్కి వికారాబాదు పోయేవాణ్ణి. గంటకు ఇరవై రూపాయలు. దరఖాస్తుకు పావుగంట, మిగిలిన ముప్పావుగంట కరామ్‌జా రేవు. వెనుక కుర్రాళ్ళు "అన్నా, ఇంకో అర్ధగంట రాయి" అని యజమానిని బతిమాలుకొంటూ ఉండేవారు. ఇరవైనాలుగేండ్ల పట్టభద్రుణ్ణి, ఆ మాట అనడానికి సిగ్గుపడి ముందే రెండు గంటల డబ్బు ఇచ్చేవాణ్ణి.

అక్కడ నేను చేసిన పని లాబ్‌స్టర్లు పట్టడం. సముద్రమెరుగని జిల్లావాణ్ణి, లాబ్‌స్టరును నేటికీ విస్తరిలో చూడలేదు. ఆటలో మాత్రం వేలకొలది పట్టాను. చేపల విద్యలో 40వ మెట్టు ఎక్కితేగాని దానికి అర్హత రాదు. పోర్ట్ సారిమ్ అనే రేవులో ముప్పది నాణేలిచ్చి పడవ ఎక్కవలె. సంచిలో ఇరవైఎనిమిది గళ్ళు. ఒకదానిలో బుట్ట, ఒకదానిలో తిరుగు పడవకు నాణేలు. ఇక ఇరవైఆరు లాబ్‌స్టర్లకు చోటు. అవి నిండగానే మళ్ళీ ముప్పది నాణేలిచ్చి ఇవతలి ఒడ్డుకు వచ్చి, బ్యాంకులో వేసి, తిరిగి పోవడం. ప్రతి విద్యకూ తొంబదితొమ్మిది మెట్లు. లెక్క ఎట్లా కట్టారంటే, 92వ మెట్టు చేరేసరికి సగం శ్రమ మాత్రమే అయినట్లు! మిగిలిన ఏడు మెట్లకూ అంత శ్రమ మళ్ళీ పడవలె.

ఇంత విసుగు పుట్టించే పనిని వినోదమని ఎవరైనా ఎట్లా అంటారు? నా సహోద్యోగి ఒకరు ఈ ప్రశ్నే వేశారు. నేను మా అమ్మ కందులు చెరిగే చాటను గుర్తుచేశాను. చాట పని చేతులది, దృష్టి కొంత చాలును, నోరు ఖాళీ. నాలుగిండ్ల ఆడవాళ్ళు ఒక అరుగుమీద చేరి కందులు చెరిగితే, ఆ పూట ఊరి సంగతులన్నీ తేలేవి. బుట్ట నీళ్ళలో వేసిన తరువాత ఆటలో కూడ చేయవలసినది ఏమీ లేదు. పట్టు పడేవరకు నిలుచుండవలె. ప్రక్కన మరి పదిమంది అట్లాగే నిలుచుని ఉంటారు. మాట్లాడక ఏమి చేస్తారు?

అక్కడ నాకు కెనడా ఆయన ఒకరు పరిచయమైనారు. అసలు పేరు నాకు తెలియదు, నాది ఆయనకు తెలియదు. ఏదో ఆసుపత్రిలో రాత్రికావలి అని చెప్పేవారు. మాకు ఉదయం పదకొండయితే ఆయనకు అర్ధరాత్రి దాటి ఉండేది. ఆయన మంచు కురుస్తున్నదనేవారు, నేను కరెంటు పోవచ్చుననేవాణ్ణి. నిజంగానే పోయేది, మళ్ళీ వచ్చి చూస్తే ఆయన అక్కడే, "వచ్చావా" అన్నట్లు ఒక చేప నా కాళ్ళముందు పడవేసేవారు. నేను ఉద్యోగానికి వ్రాస్తున్నానని ఒకసారి చెప్పాను. అప్పటినుంచి ప్రతిసారి ఆయన మొదటి ప్రశ్న అదే: "ఉత్తరం వచ్చినదా?"

ఇక బేరాల సంగతి. ఆ రోజుల్లో సరుకు అమ్మవలెనంటే వారాక్ అనే ఊరి బ్యాంకుముందు నిలుచుని, "వంద లాబ్‌స్టర్లు, వంద లాబ్‌స్టర్లు" అని తలపై అక్షరాలు తేలేటట్లు కేక పెట్టవలె. అచ్చంగా మా వారపు అంగడి. ధర తెలియనివాణ్ణి మోసగించేవారుండేవారు, జాలిపడి "అంత తక్కువకు ఇవ్వకు" అని చెవిలో చెప్పేవారూ ఉండేవారు. 2001 క్రిస్మసునాడు సరదాకు పంచిపెట్టిన కాగితపు టోపీలు, మళ్ళీ పంచనందున, ఆటలో ఎవరూ కొనలేనంత విలువకు పోయినవి. టోపీ పెట్టుకొన్నవాడు వస్తే అంగడి అంగడే ఆగి చూచేది.

2007 నవంబరులో ఈ అంగడికి బదులు ఒక కేంద్ర వ్యాపారశాల ఏర్పడినది. సరుకు, ధర వ్రాసి గుమాస్తాకు అప్పగిస్తే, కొనేవాడు ఎవడో, అమ్మేవాడు ఎవడో తెలియకుండానే బేరం తెగుతుంది. ఎంత సౌకర్యం! అయితే ఆ దినం నుంచి ఎవరూ ఎవరినీ పలకరించవలసిన అవసరం లేకపోయినది. ఆ తరువాత కొద్ది కాలానికే ఒకరికొకరు ఊరకే వస్తువులివ్వడంపై కూడ కట్టడి విధించారు. అందులో సంస్థవారి తప్పు కొంచెమే. ఆటలోని బంగారాన్ని నిజమైన డబ్బుకు అమ్మే వర్తకులు దొంగ క్రెడిట్ కార్డులతో ఆటలో దూరి చాల నష్టం కలిగిస్తున్నారు. దొంగలను ఆపడానికి వేసిన కంచె, మిత్రునికి చేప ఇవ్వకుండా కూడ ఆపినది. 2011లో ఆడేవారి ఓటు తీసుకొని ఆ కట్టడి ఎత్తివేశారు. 2012 నవంబరులో యుద్ధపద్ధతి పూర్తిగా మార్చగా, చాలమంది అలిగి వెళ్ళిపోయారు.

అప్పుడొక వింత జరిగినది. సంస్థవారి వద్ద 2007 ఆగస్టునాటి ఆట నకలొకటి భద్రంగా మిగిలి ఉన్నదని తేలింది. దానిని తిరిగి తెరవమంటారా అని 2013 ఫిబ్రవరిలో ఓటు పెడితే నాలుగు లక్షలకు పైగా ఓట్లు వచ్చినవి. ఆ నెలలోనే పాత ఊళ్ళు, పాత రేవులు ఉన్నవి ఉన్నట్లుగా తెరచుకొన్నవి. వ్యాపారశాల కూడ ఇంకా లేదు. మళ్ళీ కేకలు పెట్టే అంగడే. అయితే అది కూడ ఎంతో కాలం నిలవలేదు. కొన్నేండ్లకు ఆడేవారే ఓటువేసి వ్యాపారశాలను తిరిగి తెప్పించుకొన్నారు. కేకలు పెట్టడానికి ఎవరికీ తీరిక లేదు మరి. దీనిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేనూ కూరగాయలు ఫోనులో తెప్పించుకొనేవాణ్ణే.

ఈ పని చేసినది ఒక్క సంస్థ కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వారు, పాతది కావలెననుకోవడం మీ భ్రమ అన్నట్లు 2013లో సభలో మాట్లాడి, 2019 ఆగస్టులో ఆ పాతదానినే తెరిచారు. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆట 2012లో మూతపడితే, అభిమానులు తామే దాచి నడుపుకొన్న ప్రతికి 2024 జనవరిలో హక్కుదారులు అనుమతి నిచ్చారు. 2011లో మూతపడిన స్టార్ వార్స్ గెలాక్సీస్ వంటి వాటికి అధికారికంగా ఆ భాగ్యం కలుగలేదు. రూన్‌స్కేప్ మొట్టమొదటి రూపం సయితం 2018 ఆగస్టులో ఆగిపోయినది.

నాగార్జునకొండ లోయ నీటమునుగుతుందని తెలిసి, 1954 నుంచి ఆరేండ్లు త్రవ్వి, శిథిలాలను కొన్నింటిని గుట్టమీదికి ఎత్తి తిరిగి కట్టారు. ఇప్పుడు పడవపై పోయి చూడవచ్చును. రాళ్ళు అవే, వరుస అదే. నకలు ప్రతి కూడ అటువంటిదే అనుకొని, 2015లో పాత ఆట డబ్బులేకుండా తెరచినపుడు నేనూ ప్రవేశించాను. అందరివలె నేనూ మొదటి మెట్టునుంచి మొదలుపెట్టవలసినదే. నా వేల లాబ్‌స్టర్లు కొత్త లెక్కలోనికి రాలేదు. రాత్రిళ్ళు, పిల్లలు పడుకొన్న తరువాత, 40వ మెట్టుకు కావలసిన 37,224 అనుభవాంకాలూ కూడబెట్టి, ముప్పది నాణేలిచ్చి పడవెక్కాను. రేవుమీద పదిమంది ఉన్నారు. నేను పలుకరించాను. ఇద్దరు మాత్రం బదులిచ్చారు, ఒక్కొక్క ముక్క. మిగిలినవారు మరొక తెరపై సినిమా చూస్తూ ఉండవచ్చును. ఇప్పుడు ఎవరి చేతిలోనైనా అటువంటి తెర మరొకటి ఉన్నది. 2006లో మా నెట్ సెంటరులో ఒక మనిషికి ఒక్క తెర, ఆ తెరకు ఒక్క గంట.

ఉద్యోగపు ఉత్తరం 2007 మొదట వచ్చినది. మూడు దినాలలో చేరమన్నారు. పెట్టె సర్దుకొని వచ్చేశాను. వికారాబాదులో రైలు మారేటపుడు నెట్ సెంటరు వైపు చూచాను గాని, చేతిలో సమయం లేదు. ఊరు కుదుటపడిన తరువాత చెప్పవచ్చునులే అనుకొన్నాను. ఆ తరువాత చాల కాలానికి, పాత ఖాతా తెరచి మిత్రుల పట్టిక చూచాను. ఆ పట్టికలో ఆటలో ఉన్నవారి పేరు ఆకుపచ్చగానో, వేరే చోట ఉంటే పసుపుగానో, లేనివారిది ఎర్రగానో కనబడుతుంది. ఆయన పేరు ఎర్రగా ఉన్నది. ఉత్తరం వచ్చినదని వ్రాద్దామని పేరుమీద నొక్కాను. లేనివానికి కబురు వదలిపెట్టే ఏర్పాటు ఆ ఆటలో లేదు.