తాళంచెవి మనదే, పూచీ కూడా మనదే!

చల్లపల్లి: బ్యాంకు లాకరు తెరవాలంటే రెండు తాళంచెవులు కావాలి. ఒకటి బ్యాంకువారిది, రెండవది ఖాతాదారుది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా యీ పద్ధతి మాత్రం మారలేదు. మన తాళంచెవి పోతే ఖర్చు భరించి లాకరు తెరిపించుకోవచ్చు. మనిషే పోతే నామినీ వుంటాడు.

బ్యాంకువారి తాళంచెవే లేని లాకరు కూడా ఒకటి వుంది. దాని పేరు హార్డ్‌వేర్ వాలెట్. బిట్‌కాయిన్ వంటి క్రిప్టో సొమ్ము కొన్నవారు దానిని వాడుతారు. అమెరికా నుంచి వచ్చిన కొడుకు అటువంటిది బీరువాలో పెట్టి వెళితే ఇంట్లోవారు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని వున్నాయి.

ఏమిటీ పరికరం?

చూడడానికి పెన్‌డ్రైవంత వుంటుంది. 2014లో చెక్ దేశపు ప్రాగ్ నగరం నుంచి ట్రెజర్ అనే పరికరం వెలువడింది. సొమ్ము దీని లోపల వుండదు. పొలం వూరి బయట వుంటుంది, దస్తావేజు బీరువాలో వుంటుంది. ఇదీ అంతే. ఏ ఖాతాలో ఎన్ని బిట్‌కాయిన్లు వున్నదీ ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో రాసి వుంటుంది. వాటిని ఇంకొకరికి పంపాలంటే ఒక రహస్య సంఖ్యతో సంతకం పడాలి. ఆ సంఖ్య పరికరం దాటి బయటకు రాదు. కంప్యూటరులో దొంగలు చొరబడినా అది వారికి చిక్కదు. పరికరం మీద మనం ఒప్పుకుంటేనే సంతకం పడుతుంది.

సొమ్మును ఎక్స్ఛేంజీలోనే వుంచితే తాళంచెవి వారి చేతిలో వున్నట్టే. 2024 జూలైలో మన దేశపు వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోను దొంగలు తరలించుకుపోయారు. ఖాతాదారులు తమ క్రిప్టో వెనక్కి తీసుకోవడానికి ఏడాదికి పైగా ఎదురు చూడవలసి వచ్చింది.

చదవకుండా వేలిముద్ర

అయితే పరికరం వుంటే చాలునా? వజీర్‌ఎక్స్ చెప్పిన ప్రకారం, అక్కడ సంతకాలు చేసినవారి వద్ద యీ పరికరాలే వున్నాయి. కంప్యూటరు తెరపై కనిపించింది ఒకటి, సంతకం పడింది మరొకదానిపై. ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేస్తే ఏమవుతుందో రైతుకు తెలుసు. అందువల్ల మీట నొక్కేముందు పరికరం తెరపై వున్న చిరునామా, మొత్తం చదివి చూసుకోవాలి. కంప్యూటరు తెరను నమ్మరాదు.

పరికరాన్ని తయారుచేసిన కంపెనీ నుంచే కొనాలి. 2020లో ఫ్రాన్సుకు చెందిన లెడ్జర్ కంపెనీ ఖాతాదారుల చిరునామాలు దొంగల పాలయ్యాయి. మరుసటి సంవత్సరం కొందరి ఇళ్లకు నకిలీ పరికరాలు పోస్టులో వచ్చాయి.

ఆ 24 మాటలే ఆయువుపట్టు

మొదటిసారి వాడినప్పుడు పరికరం 12 గాని 24 గాని ఇంగ్లీషు మాటలు చూపుతుంది. 2,048 మాటల పట్టిక నుంచి అవి వస్తాయి. పరికరం పోయినా, పాడైనా మరొకటి కొని ఆ మాటలు అదే వరుసలో కొడితే సొమ్ము తిరిగి చేతికి వస్తుంది. ఆ మాటలు మరొకరికి తెలిస్తే మాత్రం పరికరంతో పనిలేకుండానే అంతా వూడ్చుకుపోవచ్చు. ఫోనులో ఫొటో తీయరాదు. వాట్సాప్‌లో పంపరాదు. కంపెనీ మనిషినంటూ ఎవరు అడిగినా చెప్పరాదు. అడిగినవాడు దొంగే.

కాగితం మీద రాసి పెట్టుకోవాలి. కాని 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ పక్కనున్న యీ వూరికి గుర్తు చేయనక్కరలేదు. ఇళ్లే కొట్టుకుపోయిన చోట కాగితం నిలుస్తుందా? అందుకే స్టీలు గిన్నె మీద పేరు చెక్కినట్టు, ఉక్కురేకు మీద ఆ మాటలు చెక్కుకునేవారున్నారు. అయితే కొట్లో చెక్కించరాదు, ఎవరికి వారే చెక్కుకోవాలి. ఇంకొకరి కంటపడితే ఇక అది రహస్యం కాదు.

ఇంట్లో చెప్పి వుంచాలి

అసలు చిక్కు ఇక్కడే వుంది. ఎవరికీ చెప్పకుండా దాచినవాడు హఠాత్తుగా కన్నుమూస్తే, ఆ సొమ్ము లెక్కల్లో వుంటుంది గాని భార్యాబిడ్డలకు అందదు. అర్జీ పెట్టుకుందామంటే మేనేజరు లేడు. మాటలను కవరులో పెట్టి సీలు వేసి, పరికరానికి దూరంగా, నామినీ వున్న బ్యాంకు లాకరులో వుంచవచ్చు. "అటువంటిది ఒకటి వుంది, కవరు ఫలానా చోట వుంది" అని ఇంట్లో నమ్మకమైనవారికి చెప్పి వుంచాలి. కవరులో ఏముందో చెప్పనక్కరలేదు.

క్రిప్టో మన దేశంలో చట్టబద్ధమైన కరెన్సీ కాదు. లాభంపై 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను వుంది. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల రూపాయల వరకు వున్న ఇన్సూరెన్సు దీనికి లేదు. పరికరం దొంగను ఆపగలదు గాని ధర పడిపోవడాన్ని ఆపలేదు. కౌలు సొమ్ము, పిల్ల పెళ్లికి దాచిన సొమ్ము ఇందులో పెట్టదగినవి కావు. మోసపోయామని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము దొరికే ఆశ తగ్గుతుంది.